గదిలో తేమ పీల్చే పదార్థాలతో ఏసీ ఖర్చు నిజంగా తగ్గుతుందా?

విభాగం: ఇల్లు – గాలి, వెలుతురు, కరెంటు

సాగరఘోష (విశాఖపట్నం)

అందరికీ నమస్కారం. సముద్రానికి దగ్గరగా, మూడో అంతస్తులో ఉంటున్నాం. మా ఇంట్లో అసలు బాధ వేడి కాదు, ఒంటికి జిడ్డులా అంటుకునే ఉక్క. జూన్ నుంచి అక్టోబరు దాకా రాత్రిపూట పడకగదిలో తేమ 80 శాతం కంటే దిగదు. ఆ తేమ పోవాలని ఏసీని 22కి దించుతాం. అర్ధరాత్రి చలి వేసి దుప్పటి కప్పుకుంటాం. ఆపేస్తే గంట తిరగకముందే మళ్లీ చెమట. గాలి పొడిగా ఉంటే 28 డిగ్రీల్లో ఫ్యాను కింద హాయిగా నిద్రపోగలను. హైదరాబాదులో ఉన్నన్నాళ్లూ అలాగే పడుకున్నాను.

దీనికి తోడు పుస్తకాల అలమరలో బూజు వాసన, నాన్నగారి బొబ్బిలి వీణ మీద తెల్లటి పొర. తేమ పీల్చే పదార్థాల గురించి వెతికితే సిలికా జెల్, కాల్షియం క్లోరైడ్ సంచులు, మట్టి పూత, డయాటమైట్ (నీటిలోని సూక్ష్మజీవుల పెంకులతో ఏర్పడిన మట్టి) పలకలు, ఈమధ్య నోబెల్ వచ్చిన ఎంవోఎఫ్‌లు (లోహ-సేంద్రియ చట్రాలు) అంటూ చాలా కనిపించాయి. నా ఆలోచన ఇది: పది కిలోల సిలికా జెల్ కొని రాత్రి గదిలో పళ్లేల్లో పరచి, పగలు మేడ మీద ఎండలో ఆరబెడితే, తేమ పని జెల్ చూసుకుంటుంది, ఏసీ చల్లదనం చూసుకుంటుంది. కరెంటు మిగులుతుందా? పడకగది గోడల పాత పూత ఎలాగూ కొట్టించి కొత్తది వేయిస్తున్నాం కాబట్టి గోడల గురించి కూడా చెప్పండి.

కొత్తగడప (తణుకు)

గది నాలుగు మూలలా గిన్నెల్లో రాళ్ల ఉప్పు పోసి పెట్టండి. మా నాయనమ్మ చేసేది. రూపాయి ఖర్చు లేదు.

లెక్కల మాస్టారు (కాకినాడ)

కొత్తగడప గారూ, మీ నాయనమ్మగారి పద్ధతి తప్పు కాదు, కానీ ఉప్పు ఒక గీత దగ్గర ఆగిపోతుంది. ఆ గీత 75 శాతం. గాలిలో తేమ అంతకంటే ఎక్కువ ఉన్నప్పుడు ఉప్పు చెమర్చి నీరవుతుంది. తక్కువైతే పట్టిన నీటిని తిరిగి గదిలోకే వదులుతుంది. కాబట్టి ఉప్పు ఎంత పోసినా గది 75 కంటే కిందికి రాదు. ఒక్కో లవణానికి ఒక్కో గీత ఉంటుంది. మెగ్నీషియం క్లోరైడ్‌కు 33 శాతం, కాల్షియం క్లోరైడ్‌కు సుమారు 30, లిథియం క్లోరైడ్‌కు 11. దుకాణాల్లో అలమరలకు వేలాడదీసే సంచుల్లో కాల్షియం క్లోరైడ్ ఉండటానికి కారణం ఇదే. చవక, పైగా మన వాతావరణంలో దాదాపు ఎప్పుడూ దాహంతోనే ఉంటుంది.

ఉప్పుకు మరో మంచి ఉపయోగం ఉంది. సాగరఘోష గారి తేమమాపకం నిజం చెబుతోందో లేదో చూడటానికి సీసా మూతలో చెంచాడు ఉప్పు వేసి, ముద్దలా తడిసేటన్ని చుక్కల నీళ్లు కలిపి, మూతనూ మాపకాన్నీ కలిపి గాలి చొరబడని సంచిలో రాత్రంతా ఉంచండి. పొద్దుటికి మాపకం 75 చూపాలి. 82 చూపితే అది ఏడు ఎక్కువ చెబుతోందని అర్థం. ముందు ఈ పని చేయండి, మిగతా లెక్క తరువాత వేద్దాం.

సాగరఘోష (విశాఖపట్నం)

ఉప్పు పరీక్ష చేశాను మాస్టారూ. 78 చూపింది. అంటే మా గదిలో అసలు తేమ 77 నుంచి 80 మధ్య. బాధ మాత్రం అలాగే ఉంది. గది 12 అడుగుల పొడవు, 11 వెడల్పు, 10 ఎత్తు. ఇద్దరం పడుకుంటాం.

లెక్కల మాస్టారు (కాకినాడ)

బాగుంది. గది పరిమాణం సుమారు 37 ఘనపు మీటర్లు. 30 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలిలో మహా అయితే 30 గ్రాముల ఆవిరి పడుతుంది. 80 శాతం అంటే 24 గ్రాములు ఉన్నట్టు. మీకు కావలసిన హాయిని 27 డిగ్రీలు, 55 శాతం అనుకుందాం. అప్పుడు ఉండాల్సింది 14 గ్రాములు. తేడా 10 గ్రాములు, గది మొత్తానికి 370 గ్రాములు. ఒక పెద్ద గ్లాసుడు నీళ్లు.

ఇంతేనా అని సంబరపడవద్దు. తలుపు సందులూ కిటికీ రెక్కల సందులూ ఉన్న మామూలు గదిలో గంటకు సగం గాలి మారిపోతుంది. దాంతో గంటకు 185 గ్రాములు కొత్తగా లోపలికి వస్తాయి. పడుకున్న ఇద్దరి ఊపిరి, చెమట నుంచి గంటకు మరో 90 గ్రాముల దాకా. ఎనిమిది గంటలకు మొత్తం రెండున్నర కిలోల నీరు. 55 శాతం తేమ దగ్గర మంచి సిలికా జెల్ తన బరువులో నాలుగో వంతు పైచిలుకు నీటిని పట్టుకుంటుంది. అంటే పూర్తిగా ఆరిన జెల్ పది కిలోలు సరిపోవాలి. ఇంతవరకు మీ అంచనా బాగానే ఉంది.

ఇప్పుడు చిక్కు. ఆవిరి జెల్‌కు పట్టేటప్పుడు తన గుప్తోష్ణాన్ని, అంటే నీరు ఆవిరయ్యేటప్పుడు తీసుకున్న వేడిని, అక్కడే వదిలేస్తుంది. కిలో నీటికి దాదాపు 2,450 కిలోజౌళ్లు, మన కరెంటు లెక్కలో 0.68 యూనిట్. రెండున్నర కిలోలకు 1.7 యూనిట్ల వేడి రాత్రంతా మీ గదిలోకే వస్తుంది, సగటున 210 వాట్లు. గదిలో మరో ముగ్గురు పడుకున్నట్టు. ఆ వేడిని తీయాల్సింది మళ్లీ ఏసీయే.

అదే జెల్‌ను ఓవెన్లో ఆరబెడితే కనీసం 1.7 యూనిట్లు కావాలి. జెల్ వేడెక్కాలి, పళ్లెం వేడెక్కాలి, ఓవెన్ గోడలు వేడెక్కాలి. రెండున్నర, మూడు యూనిట్లు అవుతుంది. అదే నీటిని ఏసీ తీస్తే? మంచి ఏసీ ఒక యూనిట్ కరెంటుతో మూడున్నర యూనిట్ల వేడిని బయటికి తోస్తుంది కాబట్టి అర యూనిట్. పీల్చడానికి ఖర్చు లేదు, పీల్చినదాన్ని కక్కించడానికే ఖర్చంతా.

సాగరఘోష (విశాఖపట్నం)

ఓవెన్ ఊసు నేను ఎత్తలేదు కదా మాస్టారూ. ఎండ ఉచితం.

లెక్కల మాస్టారు (కాకినాడ)

ఎండ లెక్క కూడా వేద్దాం. మేడ మీద నల్లటి పళ్లెంలో పలచగా పరిస్తే జెల్ 60 డిగ్రీలకు చేరుతుంది. మీ ఊరి గాలిలో ఉన్న అదే 24 గ్రాముల ఆవిరి, 60 డిగ్రీల దగ్గర 18 శాతం తేమ కిందికే వస్తుంది. ఆ స్థితిలో జెల్ తన బరువులో పదో వంతు నీటిని ఇంకా పట్టుకునే ఉంటుంది. అంటే రోజూ మీకు దక్కేది బరువులో 15 శాతం పని. రెండున్నర కిలోల నీటికి 16, 17 కిలోల జెల్‌ను రోజూ మేడ ఎక్కించి దించాలి. అది మార్చిలో సాధ్యమే. కానీ మీకు తేమ బాధ ఉన్నది జూలైలో, ఆగస్టులో. ఆ నెలల్లో మబ్బు పట్టిన మధ్యాహ్నం జల్లు పడితే పళ్లెం పట్టుకుని పరుగెత్తాలి.

శీతలయంత్రం (హైదరాబాద్)

నేను భవనాల ఏసీ పనిలో ఉన్నాను. మాస్టారి లెక్క సరైనదే. కానీ అక్కడితో ఆపితే తేమ పీల్చే పదార్థాలు దండగ అన్న అర్థం వస్తుంది. అది నిజం కాదు, చూడాల్సిన చోటు వేరే ఉంది.

ఏసీకి తేమను నేరుగా తీసే విద్య లేదు. గాలిని మంచు బిందువు (ఆవిరి నీరుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత) కంటే కిందికి చల్లబరిస్తే నీరు దానంతటదే కారుతుంది. 27 డిగ్రీలు, 55 శాతం కావాలంటే లోపలి గొట్టాలు 10–12 డిగ్రీల్లో ఉండాలి. మీకు చల్లదనం అక్కర్లేకపోయినా తేమ కోసం అంత చల్లబరచాలి. విశాఖ రాత్రి గాలిని తీసుకుంటే, 30 నుంచి 27 డిగ్రీలకు దించడానికి పట్టే పని కంటే 24 గ్రాముల నుంచి 14 గ్రాములకు ఆరబెట్టడానికి పట్టే పని ఏడు రెట్లు. సాగరఘోష గారు దుప్పటి కప్పుకుని ఏసీ నడుపుతున్నది ఇందుకే.

కాబట్టి పెద్ద భవనాల్లో ఈ రెండు పనులనూ విడదీస్తారు. బయటి నుంచి వచ్చే గాలిని వేరే యంత్రంలో ముందుగా ఆరబెడతారు. గదిని చల్లబరచడానికి 7 డిగ్రీల నీళ్లకు బదులు 15–18 డిగ్రీల నీళ్లు చాలు. ఆ నీటిని తయారుచేసే చిల్లర్ చాలా తక్కువ కరెంటు తాగుతుంది. పోచారంలోని ఇన్ఫోసిస్ ప్రాంగణంలో 2011లో కట్టిన ఒక భవనంలో సగాన్ని మామూలు పద్ధతిలో, రెండో సగాన్ని పైకప్పు కాంక్రీటులో చల్లటి నీటి గొట్టాలు పెట్టి నడిపారు. రెండో సగానికి ఏసీ కరెంటు మూడో వంతు తక్కువ పట్టింది. తేమను ముందే తీయకపోతే ఆ పైకప్పు నుంచి ఉద్యోగుల నెత్తిన చుక్కలు పడేవి.

చిన్న చరిత్ర చెబుతాను. 1902లో విల్లిస్ క్యారియర్ బ్రూక్లిన్‌లోని ఒక అచ్చు యంత్రశాల కోసం ఏసీకి రూపం ఇచ్చింది చల్లదనం కోసం కాదు, తేమకు కాగితం సాగి రంగులు తప్పుతున్నాయని. ఆయన తొలి ప్రయత్నాల్లో ఒకటి కాల్షియం క్లోరైడ్ ద్రావణంలో తడిపిన గోనెగుడ్డ గుండా గాలి పంపడం. తేమ పోయింది. ఉప్పు మాత్రం గాలిలో కలిసి వచ్చింది. చల్లటి గొట్టాల దారి పట్టింది ఆ తరువాతే.

కొత్తగడప (తణుకు)

అయితే మా నాయనమ్మా, క్యారియరూ ఒకే దారిలో ఆలోచించారన్నమాట.

పట్టుచీర (విజయవాడ)

ఆ వేలాడే కాల్షియం క్లోరైడ్ సంచుల గురించి ఒక హెచ్చరిక. మా అలమరలో ఒకటి చిరిగి ఆ నీరు కింది అరలోని కంచిపట్టు మీద కారింది. ఎన్నిసార్లు ఆరేసినా ఆ చోటు ఆరదు, ముట్టుకుంటే జిగట. తలుపు కింది ఇనుప కడ్డీ తుప్పు పట్టింది. చీరలు ఉన్నచోట పెట్టకండి.

విత్తులగది (మేడ్చల్)

పట్టుచీర గారూ, ఆ మరక ఆరకపోవడానికి కారణం మాస్టారు చెప్పిన గీతే. విజయవాడ గాలి 30 శాతానికి అరుదుగా తప్ప దిగదు కాబట్టి బట్టలో ఉన్న ఆ లవణం నీటిని పట్టుకునే ఉంటుంది. ముందు మంచినీటితో లవణాన్ని కడిగేయాలి. జరీ చీరను ఇంట్లో కడగకుండా పట్టు తెలిసిన లాండ్రీకి ఇచ్చి, ఇది ఉప్పు మరక అని చెప్పండి. సంచిలో చేరే నీటిని మొక్కలకు కూడా పోయవద్దు.

మా పని కూరగాయల విత్తనాల నిల్వ. విత్తనంలో తేమ ఒక శాతం తగ్గిన ప్రతిసారీ దాని ఆయువు రెట్టింపవుతుందని మా రంగంలో పాత సూత్రం. దీనికి జియోలైట్ (సూక్ష్మ రంధ్రాలున్న ఖనిజం) పూసలు వాడతాం. గాలి ఎంత పొడిగా ఉన్నా ఇవి నీటిని లాగుతాయి, సిలికా జెల్ అక్కడ చేతులెత్తేస్తుంది. కానీ లాగినదాన్ని వదిలించడానికి 200 డిగ్రీల పైన కాల్చాలి. అయినా మాకు గిట్టుబాటే, ఎందుకంటే డబ్బా మూత బిగించాక కొత్త తేమ రాదు. ఎంత నీరు తీయాలో ముందే తెలుసు, ఒక్కసారి తీస్తే అయిపోయింది. గది అలా కాదు, రాత్రంతా తేమ వస్తూనే ఉంటుంది. అందుకే మూసిన పెట్టెకు ఇవి అద్భుతం, తెరిచిన గదికి దండగ.

గచ్చుగోడ (రాజమహేంద్రవరం)

అందరూ సంచులూ పూసలూ అంటున్నారు, ఇంట్లో ఉన్న అతి పెద్ద పీల్చే వస్తువును మరిచారు. గోడ. నేను సున్నం, మట్టి పూతల పని చేయిస్తాను. పాత మిద్దెల్లో ఎర్రమట్టి గోడ, పైన గానుగ సున్నం, అందులో కరక్కాయ, బెల్లం నీళ్లు. ఆ ఇళ్లలో వానాకాలం కూడా ఈ జిడ్డు ఉండదు. ఇప్పుడు సిమెంటు, దాని మీద పుట్టీ, దాని మీద ప్లాస్టిక్ రంగు. గోడకు మూడు రెయిన్‌కోట్లు తొడిగి గదిలో తేమ ఎందుకు ఉందని అడుగుతున్నాం.

సాగరఘోష గారూ, పూత కొట్టిస్తున్నారు కాబట్టి ఇదే అదను. లోపలి గోడలకు 15–20 మిల్లీమీటర్ల మట్టి పూత వేసి, పైన సున్నం వెల్ల వేయించండి.

లెక్కల మాస్టారు (కాకినాడ)

గచ్చుగోడ గారి మాటలో బలం ఉంది, కొంత అతిశయం కూడా ఉంది. రెండింటికీ లెక్కలు ఉన్నాయి.

గోడ తేమను సర్దే శక్తిని కొలిచే పద్ధతి ఒకటి నార్డిక్ దేశాలవారు 2005లో స్థిరపరిచారు. నమూనాను 8 గంటలు 75 శాతం తేమలో, 16 గంటలు 33 శాతంలో ఉంచి, చదరపు మీటరుకు, తేమలో ఒక్కో శాతం మార్పుకు ఎన్ని గ్రాములు పీల్చి వదిలిందో చూస్తారు. 0.5 లోపు అంటే పెద్దగా లాభం లేదు, కాంక్రీటు అక్కడే ఉంటుంది. 1 నుంచి 2 మంచిది, మంచి మట్టి పూత 1.5 దగ్గరకు వస్తుంది. మీ గదిలో తలుపులూ కిటికీలూ తీసేస్తే 35 చదరపు మీటర్ల గోడ. తేమ 20 శాతం మారితే గోడలు కిలో పైచిలుకు నీటిని పీలుస్తాయి. రాత్రికి రెండున్నర కిలోల్లో కిలో అంటే చిన్న విషయం కాదు.

కానీ పీల్చిన కిలో ఎప్పుడు బయటికి పోతుంది? గోడ సర్దుతుంది, సగటును మార్చదు. రాత్రి 90, పగలు 60 ఉండే చోట రెంటినీ 75 దగ్గరకు తెస్తుంది. విశాఖలో జూలైలో గాలిలోని ఆవిరి రాత్రీ పగలూ దాదాపు ఒక్కటే. మధ్యాహ్నం వేడికి శాతం కాస్త తగ్గుతుంది, అంతే. తడిసిన గోడ ఆరాలంటే రోజులో కొన్ని గంటలు గది పొడిగా ఉండి తీరాలి.

గచ్చుగోడ (రాజమహేంద్రవరం)

మాస్టారూ, గోడ కిలో నీటిని తీసుకుంటే రాత్రి ఏసీ మీద ఆ మేరకు బరువు తగ్గినట్టే కదా. పగలు మధ్యాహ్నం కిటికీలు తెరిస్తే గోడ ఆరుతుంది. పాతవాళ్లు చేసింది అదే, మధ్యాహ్నం తెరిచి సాయంత్రం మూసేవారు.

లెక్కల మాస్టారు (కాకినాడ)

హైదరాబాదులో, అనంతపురంలో మీ మాట అక్షరాలా ఒప్పుకుంటాను. అక్కడ మధ్యాహ్నపు గాలి పొడి. విశాఖలో డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా కూడా ఒప్పుకుంటాను. జూలైలో కిటికీ తెరిస్తే వచ్చేది సముద్రపు గాలి. ఇంకొక మాట. ఒక్క రోజు చక్రంలో పనిచేసేది గోడ పైపొరలో కొద్దిపాటి మందమే. లోపలి మందం వారాల తరబడి జరిగే మార్పులకే అందుకుంటుంది. కాబట్టి గోడ ఎంత మందం అన్నదాని కంటే పైన ఏ రంగు వేశారన్నదే ముఖ్యం.

సూక్ష్మరంధ్రం (ఒసాకా)

నమస్తే. సొంత ఊరు గుంటూరు, ఇక్కడ సచ్ఛిద్ర (సూక్ష్మ రంధ్రాలున్న) పదార్థాల మీద పరిశోధన చేస్తున్నాను. సాగరఘోష గారు డయాటమైట్ గురించి అడిగారు, ఎవరూ జవాబు చెప్పలేదు.

డయాటమైట్ పట్ట మీద తడి కాలు పెడితే క్షణంలో ఆరిపోతుంది, అందుకే అది తేమను కూడా పీలుస్తుందని అందరూ అనుకుంటారు. చుక్క నీటిని పీల్చడం వేరు, ఆవిరిని పట్టడం వేరు. గాలిలో తేమ 60 నుంచి 80 శాతం ఉన్నప్పుడు ఆవిరి నీరుగా మారాలంటే రంధ్రపు వ్యాసార్ధం 2 నుంచి 5 నానోమీటర్లు ఉండాలి. డయాటమైట్ సొంత రంధ్రాలు చాలావరకు దానికంటే ఎన్నో రెట్లు పెద్దవి. ఆవిరి వాటిలో ఆగదు. జపాన్‌లో గోడలకు వాడే తేమ పలకల్లో కొన్ని అలోఫేన్ అనే అగ్నిపర్వతపు బంకమట్టితో చేస్తారు, దాని రంధ్రాలు సరిగ్గా ఆ కొలతలో ఉంటాయి. బెంటోనైట్ వంటి ఉబ్బే మట్టి కలిసిన పూత, తెల్ల కుండమట్టి పూత కంటే బాగా పనిచేయడానికి కూడా సూక్ష్మ నిర్మాణమే కారణం. మరొకటి, 2020 చివర్లో ఇక్కడ అమ్మిన కొన్ని డయాటమైట్ పట్టల్లో ఆస్బెస్టాస్ బయటపడి పెద్ద ఎత్తున వెనక్కి తీసుకున్నారు. ఊరూ పేరూ లేని పట్ట కొన్నా, మెరుగు కోసం దాన్ని గరుకు కాగితంతో రుద్దకండి.

ఇక ఎంవోఎఫ్‌లు. లోహపు ముడులను సేంద్రియ అణువులతో కలిపి అల్లిన చట్రాలు ఇవి. 2025 రసాయన నోబెల్ కితగావా, రాబ్సన్, యాగీలకు వచ్చింది వీటికే. వీటి ప్రత్యేకత ఎంత పీలుస్తాయన్నది మాత్రమే కాదు. సిలికా జెల్ తేమ పెరిగిన కొద్దీ మెల్లమెల్లగా పీలుస్తుంది, వదిలేటప్పుడూ అంతే మెల్లగా, చివరి బొట్టు కోసం 120 డిగ్రీలు అడుగుతుంది. కొన్ని ఎంవోఎఫ్‌లు ఒక గీత దాకా ఏమీ పీల్చవు, గీత దాటగానే గబుక్కున నిండుతాయి. వదలడం కూడా అలాగే, కాస్త వేడి తగలగానే ఖాళీ అవుతాయి. ఆ గీత ఎక్కడ ఉండాలో చట్రం అల్లేటప్పుడే ఎంచుకోవచ్చు. అల్యూమినియంతో చేసిన కొన్ని 60–70 డిగ్రీల్లోనే ఆరిపోతాయి.

ఇప్పుడు మాస్టారి లెక్కకు తిరిగి వెళ్లండి. ఖర్చంతా ఆరబెట్టడంలో ఉందన్నారు. ఏసీ బయటి పెట్టె నుంచి వచ్చే 45–50 డిగ్రీల గాలిని, సోలార్ వాటర్ హీటర్ నుంచి వచ్చే 60 డిగ్రీల నీటిని ఎవరూ వాడుకోవడం లేదు. ఆ వృథా వేడితో ఆరే పదార్థం దొరికితే లెక్క తలకిందులవుతుంది.

సాగరఘోష (విశాఖపట్నం)

ఇది నాకు నచ్చింది. అలాంటి ఏసీ ఇప్పుడు దుకాణంలో దొరుకుతుందా?

శీతలయంత్రం (హైదరాబాద్)

ఇంటికి సరిపడే ఎంవోఎఫ్ ఏసీని మన దగ్గర నేను దుకాణంలో చూడలేదు. 2018లో ఢిల్లీలో ప్రకటించిన గ్లోబల్ కూలింగ్ ప్రైజ్ పోటీలో గది 27 డిగ్రీలు, 60 శాతం తేమ దాటకూడదన్నది షరతు. అంతిమ పోటీకి చేరిన ఎనిమిది జట్లలో ట్రాన్సేరా అనే అమెరికా సంస్థ ఎంవోఎఫ్‌నే నమ్ముకుంది. 2021లో బహుమతి గెలిచిన గ్రీ, డైకిన్ జట్లు మాత్రం కంప్రెసర్‌నే తెలివిగా నడిపి తేమను అదుపు చేశాయి.

పరిశ్రమలో అయితే తేమ చక్రాలు ఎప్పటినుంచో ఉన్నాయి. తేనెపట్టులా గూళ్లున్న చక్రానికి సిలికా జెల్ పూసి గంటకు పదీ ఇరవై చుట్లు మెల్లగా తిప్పుతారు. ముప్పావు భాగం గుండా గది గాలి వెళ్లి ఆరుతుంది, పావు భాగం గుండా 120–140 డిగ్రీల గాలి వెళ్లి చక్రాన్ని ఆరబెడుతుంది. జీడిమెట్ల, పాశమైలారం మందుల కర్మాగారాల్లో నీళ్లలో వేస్తే బుసబుస పొంగే మాత్రలు చేసే గదుల్లో తేమ 20–25 శాతం మించకూడదు. అంత పొడి ఏసీతో రాదు, చక్రం ఉండాల్సిందే. బాయిలర్ ఆవిరి మిగిలే చోట అది చవక. కరెంటు హీటరుతో ఆరబెట్టే చోట బిల్లు చూసి యజమాని ముఖం మాడుతుంది.

ఇంటికి అందుబాటులో ఉన్న మంచి మార్గాలు చెబుతాను. ఏసీ ఫ్యానును నిరంతరం తిరిగేలా పెట్టకండి, ఆటో మీద పెట్టండి. కంప్రెసర్ ఆగాక ఫ్యాను తిరుగుతూ ఉంటే గొట్టాల మీద మిగిలిన నీరు మళ్లీ ఆవిరై గదిలోకే వస్తుంది. 22కి బదులు 26 పెట్టి డ్రై మోడ్ వాడి, పైన సీలింగ్ ఫ్యాను వేయండి. అవసరం కంటే పెద్ద ఏసీ కొంటే గది త్వరగా చల్లబడి కంప్రెసర్ ఆగిపోతుంది, తేమ తీసేంత సమయమే దొరకదు. మీది ఎంత టన్ను?

సాగరఘోష (విశాఖపట్నం)

రెండు టన్నులు. అమ్మినవారు గట్టిగా సిఫారసు చేశారు.

శీతలయంత్రం (హైదరాబాద్)

132 చదరపు అడుగుల గదికి రెండు టన్నులా! ఒక టన్ను చాలు. ఈ గది తేమకు సగం కారణం అదే. ఇప్పుడు మార్చలేరు సరే, ముందు సందులు మూయండి. తలుపు కింద రబ్బరు పట్టీ, కిటికీ రెక్కలకు బ్రష్ పట్టీ వేస్తే గాలి మారడం సగానికి తగ్గుతుంది. రాత్రికి 700 గ్రాముల తేమ తగ్గినట్టు. మాస్టారి లెక్కలో మూడు కిలోల సిలికా జెల్ రాత్రంతా పడే కష్టం కొన్ని మీటర్ల రబ్బరు పట్టీతో పోయింది.

పట్టుచీర (విజయవాడ)

మూసేయడం సరే అండీ, ఇద్దరు మనుషులు పడుకునే గదికి గాలి ఆడవద్దా? పొద్దున తలనొప్పితో లేస్తే?

శీతలయంత్రం (హైదరాబాద్)

న్యాయమైన ప్రశ్న. మరీ బిగిస్తే కార్బన్ డయాక్సైడ్ పెరిగి గది బరువుగా అనిపిస్తుంది. సరైన జవాబు తేమను మార్పిడి చేసే వెంటిలేటర్. బయటికి పోయే పొడి గాలి, లోపలికి వచ్చే తడి గాలి ఒకే పొరకు అటూ ఇటూ ప్రవహిస్తాయి. లోపలికి రావాల్సిన తేమలో సగం పైనే ఆ పొర గుండా బయటికి పోయే గాలిలోకి దాటుతుంది. దీన్ని వేడి చేసి ఆరబెట్టే పని లేదు. ఏసీ ఆరబెట్టిన గదిగాలే దాన్ని ఆరబెడుతుంది. ఈ మొత్తం చర్చలో పీల్చే పదార్థం నిజంగా కరెంటు మిగిల్చే ఇంటి పరికరం నా దృష్టిలో ఇదొక్కటే. గోడకు బిగించే చిన్నవి దొరుకుతున్నాయి, ధర మాత్రం ఇంకా ఎక్కువే.

గచ్చుగోడ (రాజమహేంద్రవరం)

దాంతోపాటు నా మట్టి పూత కూడా ఉంటే? రాత్రి ఏసీ నడిచే గంటల్లో గది 55కి వస్తుంది కాబట్టి గోడ ఆరడానికి మాస్టారు అడిగిన పొడి గంటలు దొరికినట్టే కదా.

లెక్కల మాస్టారు (కాకినాడ)

దొరికినట్టే. అయితే అప్పుడు పని తిరగబడుతుంది. పగలు గది మూసి ఉన్నప్పుడు గోడ పీల్చిన కిలో నీటిని రాత్రి మొదటి గంటల్లో ఏసీయే బయటికి తోడాలి. గది 55కి రావడం ఆలస్యమవుతుంది. రోజంతా ఏసీ నడిచే కార్యాలయానికి మట్టి గోడ వరం. రాత్రి మాత్రమే నడిచే పడకగదికి కరెంటు లాభం అంతంత మాత్రం. వంటింటికీ, స్నానాల గది పక్క గోడకూ మాత్రం వేయించమంటాను. అక్కడ తేమ ఒక్కసారిగా వచ్చి, తరువాత తీరుబడిగా పోతుంది. అలాంటి చోటే గోడ బాగా పనిచేస్తుంది.

గచ్చుగోడ (రాజమహేంద్రవరం)

కరెంటు లెక్కలో మీరే గెలిచారు. సున్నం వెల్ల మీద బూజు అంత తేలిగ్గా పట్టదన్న సంగతి మాత్రం ఆ లెక్కలో లేదు. సాగరఘోష గారూ, ఏ పూత వేసినా ముందు బయటి గోడ పగుళ్లు, కిటికీ పైనున్న సజ్జ చూపించండి. అక్కడి నుంచి వాన నీరు దిగుతుంటే అది చెమ్మ, దానికి ఈ చర్చలో చెప్పినవేవీ పనికిరావు.

సాగరఘోష (విశాఖపట్నం)

అందరికీ ధన్యవాదాలు. పది కిలోల జెల్ ఆలోచన మానుకున్నాను. తలుపులకు పట్టీలు, 26 డిగ్రీలు, ఫ్యాను ఆటో ఈ వారమే చేస్తాను. గోడలకు సున్నం వెల్లే. వెంటిలేటర్ ధర చూసి ఆలోచిస్తాను. పుస్తకాలు, వీణ సంగతి మిగిలింది. విత్తులగది గారు మూసిన పెట్టెకు తేమ పీల్చే పూసలు అద్భుతమన్నారు కదా, అలాగే వీణ పెట్టెలో కిలో జెల్ వేసేయవచ్చా?

విత్తులగది (మేడ్చల్)

వీణకు అప్పుడే ఆరబెట్టిన జెల్ వేయకండి! మూసిన పెట్టెలో అది తేమను 20 శాతానికి కూడా లాగేస్తుంది. పనస కర్ర పగులుతుంది, మెట్లు నిలబెట్టిన మైనం పట్టు వదులుతుంది. మీకు కావలసింది 50 శాతం దగ్గర నిలకడ. మ్యూజియంలలో చేసే పని చేయండి. ఏసీ నడిచి తేమమాపకం 50 చూపే గదిలో జెల్‌ను పళ్లెంలో పరచి, రోజూ తూకం వేయండి. బరువు మారడం ఆగాక గుడ్డ సంచుల్లో కట్టి పెట్టెలో పెట్టండి. అప్పుడు అది పెట్టెలో తేమ పెరిగితే పీలుస్తుంది, తగ్గితే వదులుతుంది. పెట్టె మూతకు రబ్బరు పట్టీ ఉండాలి, లోపల చిన్న తేమమాపకం ఉండాలి, అది కూడా ఉప్పు పరీక్ష నెగ్గినదై ఉండాలి.

పుస్తకాల అలమరకు కూడా ఇదే పద్ధతి. బూజు పట్టిన పుస్తకాలను ముందు బయట తుడిచి ఆరబెట్టాకే లోపల పెట్టండి.

పట్టుచీర (విజయవాడ)

రంగు మారే జెల్ కొనాలా, తెల్లదా?

విత్తులగది (మేడ్చల్)

ఎక్కువ భాగం తెల్లది, గుర్తు కోసం గుప్పెడు రంగుది. నీలం నుంచి గులాబీకి మారేదాంట్లో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, అది ఆరోగ్యానికి మంచిది కాదు. నారింజ నుంచి ఆకుపచ్చకు మారేది అడగండి. ఆరబెట్టేటప్పుడు దాన్ని 120 డిగ్రీలు దాటనివ్వకండి, రంగు చెడిపోతుంది. వీణ పెట్టెలో మాత్రం రంగు జెల్ దండగ. అది ఎంతో పొడిగా ఉన్నప్పుడే రంగు మారుస్తుంది, 50 దగ్గర మీకు ఏమీ చెప్పదు. అక్కడ తేమమాపకాన్నే నమ్మండి.